డాక్టర్ గారు నన్ను బయట కూర్చోమన్నారు

మేం డాలస్ దగ్గర ఉంటాం. మా పాపకి 12 ఏళ్లు నిండాక చెకప్‌కి తీసుకెళ్తే నర్సు ట్యాబ్ తెచ్చి దాని చేతికిచ్చింది. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉందా, ఇలా 9 ప్రశ్నలు. ఫారాలన్నీ నింపేది నేనే కాబట్టి అలవాటుగా చెయ్యి చాచాను, "ఇది తనే నింపాలండీ" అంది. తర్వాత డాక్టర్ గారు నన్ను కాసేపు బయట కూర్చోమంటే నిజంగా కోపం వచ్చింది. కన్నతల్లికి చెప్పనిది ఈవిడకేం చెప్తుంది అనుకున్నాను.

అప్పటికి కొన్ని నెలలుగా ప్రతి సోమవారం పొద్దున కడుపునొప్పి అంటోంది. వాము నీళ్లు పట్టాను, పాలు మాన్పించాను, ఖమ్మం నుంచి మా అమ్మ చెప్తే ఉప్పూ మిరపకాయలతో దిష్టి కూడా తీశాను. బొటనవేలి గోరు పక్కన చర్మం పీక్కుని పీక్కుని ఎర్రగా అయితే కొబ్బరినూనె రాశాను, ఎందుకు పీక్కుంటోందో మాత్రం అడగలేదు.

పాప సరే అన్నాకే డాక్టర్ గారు నాకు చెప్పారు. ఆదివారం రాత్రి, అంటే ఇండియాలో సోమవారం పొద్దున, వీడియో కాల్‌లో అమ్మమ్మకీ పెద్దమ్మ వాళ్లకీ ఆ వారం మార్కులు దాని చేత చెప్పించేదాన్ని. నాకది ముచ్చట. దానికి శనివారం నుంచే గుండెదడట.

ఇక్కడ 12 ఏళ్ల నుంచి డిప్రెషన్ గురించి అడుగుతారు, 8 ఏళ్ల నుంచే యాంగ్జైటీ గురించీ అడగమని 2022లో ప్రభుత్వ నిపుణుల బృందం సిఫార్సు చేసింది. సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్‌కి నెలలు పడుతుందని మేం కంగారు పడ్డాం, కానీ పిల్లల డాక్టరే సీపాన్ అనే లైన్‌కి ఫోన్ చేసి సలహా తీసుకున్నారు. టెక్సస్‌లో 2020 నుంచి ఉందది, పిల్లల సైకియాట్రిస్టులు డాక్టర్లతో ఫోన్‌లోనే మాట్లాడతారు. మాకు కౌన్సెలింగ్‌తో మొదలైంది. రికార్డుల్లోకి ఎక్కితే రేపు కాలేజీకి అడ్డమేమోనని మా ఆయన భయం, మెడికల్ రికార్డులు కాలేజీలకి వెళ్లవని డాక్టర్ గారు చెప్పాక కుదుటపడ్డారు.

పాపని అడిగే ఇది రాస్తున్నాను. డాక్టర్ బయట కూర్చోమంటే కూర్చోండి, "మా వాడికి ఏ టెన్షనూ లేదండీ" అని మీరు జవాబు చెప్పేయకండి.

అమ్మకి విషయం చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం పాప ఫోన్ ముందుకొస్తే, "ఇవాళ ఏం తిన్నావే బంగారం" అని మాత్రం అడిగింది.