తెల్లగీత పట్టుకుని

"మావయ్యా, లైటు డిమ్ము చెయ్యి. అలగైతేనే దారి కనిపిస్తాది."

పొద్దున్న ఆరు. భోగాపురం దాటాక ఒకటే మంచు. హెడ్‌లైటు వేస్తే ఎదురుగా సున్నం కొట్టిన గోడే. రోడ్డు అంచున తెల్లగీత పట్టుకుని పోతున్నా, అదీ ఇసక కింద మాయమైంది. ఎప్పుడు సర్వీసు రోడ్డులోకి దిగిపోయానో నాకే తెలీదు.

ఇక లాభం లేదని టీకొట్టు దగ్గర ఆపాం. మా మేనల్లుడు విమానాశ్రయం లైటింగు పని నేర్చుకుంటున్నాడు. బల్లమీద ఒలికిన టీతోనే వేలితో రన్‌వే గీసేశాడు. విమానం రన్‌వే దాకా నడిచే దారి, టాక్సీవే, దాని నడుమ పచ్చలైట్లు, అంచులకి నీలం. రన్‌వే అంచులకి తెలుపు. రన్‌వే ఎక్కేచోట మాత్రం అడ్డంగా ఎర్రలైట్ల వరస, స్టాప్ బార్. అది వెలుగుతుంటే విమానం కదలకూడదట.

"కంట్రోల్ టవర్ వాళ్లు రమ్మన్నా?"

"రమ్మన్నా సరే. లైటు ఇంకా ఆరలేదేటని మళ్లీ అడగాల."

1977లో స్పెయిన్ వాళ్ల దీవి టెనెరిఫేలో ఇలాంటి మంచులోనే ఒక జంబో విమానం టేకాఫ్‌కి పరుగందుకుంది. రెండోది ఇంకా రన్‌వే మీదే ఉంది. 583 మంది పోయారు. నేలమీద ఏ విమానం ఎక్కడుందో చూపే రాడార్ ఆ ఎయిర్‌పోర్టులో లేదు. టవర్ వాళ్లకీ కళ్లముందు మంచే. అరకిలోమీటరు సర్వీసు రోడ్డుకే నాకు చెమటలు పట్టాయి, వాళ్ల సంగతి తలుచుకుంటే టీ గొంతు దిగలేదు.

ఇంకా ఏదో అడగబోయాను. కొట్టు అప్ప గుడ్డ తెచ్చి రన్‌వే మొత్తం ఒక్క ఊపున తుడిచేసింది.

"ఇంకో రెండు టీలా బాబూ?"