పద్దెనిమిదో పుట్టినరోజు పచ్చబొట్టు

మా అమ్మాయి తన 18వ పుట్టినరోజుకు బహుమతులేమీ కోరలేదు. పచ్చబొట్టు వేయించుకోవడానికి నేను తోడు వస్తే చాలంది. ఈ కోరిక రెండేళ్లుగా ఉన్నదే. చాలా చోట్ల 18 ఏళ్లు నిండనిదే టాటూ వేయరన్న నిబంధన అన్నాళ్లూ నాకు మంచి సాకుగా పనికివచ్చిందని ఒప్పుకోవాలి.

తను ఎంచుకున్నది మణికట్టు లోపలివైపు, బొటనవేలి గోరంత పిచ్చుక. వేసే అతను చేతి తొడుగులు వేసుకుని, మా కళ్ల ముందే కొత్త సూది పొట్లం విప్పి, చర్మం మీద బొమ్మ అచ్చు అద్ది, "సరిగ్గా ఇక్కడేనా?" అని రెండుసార్లు అడిగాడు. యంత్రం గుయ్యిమనగానే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

సూది సిరాను సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు చేరుస్తుంది. పైపొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతున్నా, లోపలి పొరలోని రక్షక కణాలు రంగును మింగి అక్కడే పట్టి ఉంచుతాయి కాబట్టి బొమ్మ చెరగదు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, దాదాపు 5,300 ఏళ్లనాటి, ఓట్జీ అని పిలిచే మనిషి దేహం మీద 61 పచ్చబొట్లు ఇప్పటికీ ఉన్నాయని చదివాక, "నచ్చకపోతే తర్వాత చూసుకుందాంలే" అన్న నా మాట ఎంత తేలికైనదో తెలిసింది. లేజర్‌తో తీయించాలన్నా చాలా విడతలు పడుతుంది, నొప్పీ తప్పదు.

మానడానికి రెండు మూడు వారాలు పట్టింది. పొట్టు లేచి దురద పెడుతున్నా గోకకూడదు, ఈత కొట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. ఇల్లు సర్దమంటే వినని పిల్ల, ఈ మూడు నియమాలనూ అక్షరాలా పాటించింది.