పెరగడానికి ఇదేమన్నా కాణిపాకం వినాయకుడా?

"ఈ పైపు గోడ మందం పోయినేడు 8.1 మిల్లీమీటర్లు, ఈ ఏడు 8.3. ఇనుము పెరుగుతుందా?" అని సౌదీలోని జుబైల్‌లో క్లయింటు ఇన్‌స్పెక్టరు పదిమందిలో నిలదీశాడు. పెరగడానికి ఇదేమన్నా కాణిపాకం వినాయకుడా అని నోటిదాకా వచ్చింది. ఆయనకేం తెలుస్తుంది!

అడిగింది సబబే, అడిగిన తీరే గుచ్చుకుంది. మన తిరుపతి రైల్వే వర్క్‌షాపులో యాక్సిళ్లు చూసే పెద్దాయనైతే "ఏమబ్బా, ఏ ప్రోబు పెట్టినావు?" అని ముందు అడుగుతాడు (ప్రోబంటే ఇనుముకు ఆనించి శబ్దం పంపే మొన). ఇక్కడ దొంగ లెక్కేనని ముందే తీర్మానం.

రేణిగుంట, శ్రీకాళహస్తి నుంచి ఈ మందం కొలిచే పనికొచ్చే పిల్లోళ్ల కోసం సంగతి చెబుతా. అల్ట్రాసోనిక్ గేజు కొలిచేది మందాన్ని కాదు, కాలాన్ని. శబ్దం గోడలోకి పోయి తిరిగొచ్చిన కాలాన్ని వేగంతో గుణించి సగం చేస్తుంది. కార్బన్ స్టీలుకు ఆ వేగం సెకనుకు సుమారు 5,920 మీటర్లు. స్టీలు వేడెక్కితే శబ్దం నెమ్మదిస్తుంది. ప్రతి 55 డిగ్రీలకు దాదాపు ఒక శాతం ఎక్కువ మందం చూపుతుంది. 30 డిగ్రీల స్టెప్ బ్లాకు (మందం ముందే తెలిసిన మెట్ల ఇనుపముక్క) మీద గేజును క్యాలిబ్రేట్ చేసి 160 డిగ్రీల పైపు మీద పెడితే 8.1 కాస్తా 8.3 అవుతుంది. పోయినేడు షట్‌డౌన్‌లో కొలిచారు, ఈ ఏడు లైను నడుస్తుండగా. అంతే!

అంకె పెరిగితే నయం, ఎవరో ఒకరు అడుగుతారు. నిజంగా 0.2 అరిగివుంటే ఆ వేడిలో మళ్లీ 8.1 వచ్చేది, అందరూ సంతకాలు పెట్టేసేవాళ్లు.

పెయింటు ఇంకో పీడ. మామూలు మోడ్‌లో పూతను దాని మందానికి రెండు, రెండున్నర రెట్లు స్టీలుగా లెక్కేస్తుంది, 0.3 పూత 0.7 దాకా కలుపుతుంది. వరుసగా వచ్చే రెండు ప్రతిధ్వనుల మధ్య కాలాన్నే కొలిచి పూతను వదిలేసే ఎకో-టు-ఎకో మోడ్ పెట్టొచ్చు గానీ, లోపల గుంటలు పడ్డ గోడ నుంచి రెండో ప్రతిధ్వని సరిగ్గా రాదు. అక్కడ పెయింటు గీకి శబ్దం పంపే ముక్క, అందుకునే ముక్క వేరువేరుగా ఉండే డ్యూయల్ ప్రోబుతో చూడాల్సిందే. పైపు మీద ప్రోబు మధ్యగీతను (ఆ రెండు ముక్కల నడుమ గీత) ఒకసారి పొడవు వెంట, ఒకసారి అడ్డంగా పెట్టి తక్కువ అంకె రాసుకోండి. ఎల్బోల్లో, అంటే పైపు మలుపుల్లో, బయటివంపు వదలొద్దు.

పైపు వేడి, ప్రోబు రకం, పెయింటు ఉందా లేదా, వీటికి వాళ్ల ఫారంలో గడుల్లేవు. రిమార్క్స్‌లో రాసి, దాని కిందే ఇన్‌స్పెక్టరు సంతకం తీసుకోండి.