పెడల్ దగ్గర రాలిన పొడి

ఒమన్‌లో మస్కట్ నుంచి సలాలాకు పోయే 31వ నంబరు రహదారి మీద నిజ్వా, ఆదం దాటిన తరువాత హైమా వచ్చేదాకా కనిపించేది గులకరాళ్ల బయలు, కరెంటు స్తంభాల వరుస, అప్పుడప్పుడు రోడ్డుకు అడ్డంగా నడిచే ఒంటెలు మాత్రమే. మస్కట్ నుంచి హైమాకు 500 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కడప నుంచి హైదరాబాదు పోయే దూరం కంటే ఎక్కువన్నమాట. చమురు బావుల దగ్గర పనిచేసే రిగ్గులకు వాల్వులు, పైపు బిగింపులు, గాస్కెట్లు చేరవేసే డీజిల్ పికప్పును ఆ దారిలో వారానికి రెండుసార్లు నడపడం నా ఉద్యోగం.

యాక్సిలరేటరు తొక్కకుండానే పెట్టిన వేగాన్ని నిలబెట్టి, బ్రేకో క్లచ్చో తొక్కగానే తప్పుకునే ఏర్పాటు క్రూజ్ కంట్రోల్. ఇలాంటి దారిలో దాన్ని సుఖం కోసం పెట్టిన సౌకర్యమని ఎవరైనా అంటే, వారు ఆరు గంటలు ఒకే కోణంలో కుడి పాదాన్ని ఆనించి కూర్చోలేదని నాకు అర్థమవుతుంది. పైగా చమురు క్షేత్రాలకు పోయే బండ్లలో వేగాన్నీ, గట్టిగా వేసిన బ్రేకునూ లెక్కపెట్టే పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. నిర్ణయించిన వేగాన్ని కాసేపు దాటినా అది కూత పెడుతుంది, ఆఫీసుకు లెక్క పోతుంది, నెలాఖరున ఆ లెక్క మన ముందుకు వస్తుంది. అందుచేత ఒకనాడు మా బండిలో క్రూజ్ పెట్టిన పది నిమిషాలకే దానంతట అదే ఊడిపోవడం మొదలైనప్పుడు నాకు పాదం నొప్పి కంటే ఆ పెట్టె భయమే ఎక్కువైంది.

లోపం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది కాదు. ఒకసారి ఆదం నుంచి గంటసేపు నిలిచేది, మరొకసారి మూడు సార్లు పెడితే మూడు సార్లూ వదిలేసేది. మస్కట్‌లో వాదీ కబీర్‌లోని ఒక వర్క్‌షాపుకు తీసుకుపోతే, అక్కడి మెకానిక్ బండి కంప్యూటరును చదివే స్కానరు తగిలించి చూసి, లోపం చెప్పే కోడ్ ఏదీ లేదని చెప్పి, స్టీరింగ్ లోపలి చుట్టతీగ మార్చాలన్నాడు. హారనుకూ, ఎయిర్‌బ్యాగుకూ, క్రూజ్ మీటలకూ కరెంటు ఆ రిబ్బను లాంటి తీగ గుండానే పోతుంది కాబట్టి అతని మాటను తీసిపారేయలేము. అయితే మా బండిలో హారను సరిగానే మోగుతున్నది, ఎయిర్‌బ్యాగు దీపం వెలగలేదు. అన్నింటికంటే ముఖ్యంగా, చుట్టతీగ తెగితే స్టీరింగ్ తిప్పినప్పుడు తేడా కనిపించాలి కానీ, మాకు క్రూజ్ ఊడిపోతున్నది గీత గీసినట్టున్న రోడ్డు మీద.

ఈ మాట చెప్పబోతే అతను నా రెసిడెంటు కార్డు వైపు చూశాడు. అందులో వృత్తి దగ్గర డ్రైవరు అని ఉంది. ఇక్కడికి రాకముందు కడప పాత బస్టాండు దగ్గర ఒక షెడ్డులో ఆరేళ్లు జీపుల కింద పడుకుని పనిచేశానని ఆ కార్డులో రాయడానికి చోటు లేదు. డ్రైవరు డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టరాదని మా కంపెనీ నియమం కూడా ఉన్నది. భద్రత కోసం పెట్టిన నియమమే కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. కానీ రోజుకు ఆరు గంటలు ఆ బండి పాదానికీ వీపుకూ ఏమి చెబుతున్నదో తెలిసినవాడిని అడగకుండా స్కానరును మాత్రమే అడగడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

చేయి పెట్టకూడదు కానీ రాసుకోకూడదని ఎవరూ అనలేదు కదా. ఒక నోటుపుస్తకంలో క్రూజ్ ఊడిన ప్రతిసారీ కిలోమీటరు రీడింగు, వేగం, రోడ్డు ఎలా ఉన్నదీ, డ్యాష్‌బోర్డులో క్రూజ్ దీపం ఏమైందీ రాయడం మొదలుపెట్టాను. మూడు ప్రయాణాల తరువాత పేజీలు తిరగేస్తే రెండు సంగతులు తేలాయి. ఊడినప్పుడల్లా దీపం వెలుగుతూనే ఉన్నది. వ్యవస్థలో లోపం దొరికితే మా బండిలో ఆ దీపం మినుకుతుంది. అంటే కంప్యూటరు లోపాన్ని చూడలేదు, డ్రైవరే బ్రేకో క్లచ్చో తొక్కాడని నమ్మి మర్యాదగా తప్పుకున్నది. కోడ్ రాకపోవడానికి కారణం కూడా అదే. రెండో సంగతి, ఊడిన చోట్లలో ఎక్కువ భాగం వంతెనల అతుకులు, తారు లేచిన గతుకులు, రిగ్గు వైపు మళ్లిన తరువాత వచ్చే కంకర బాట.

పాతకాలపు డీజిల్ బండ్లలో ఇంజను తనంతట తాను వ్యాక్యూమ్, అంటే గాలిని పీల్చే ఖాళీ, పుట్టించదు కాబట్టి క్రూజ్ కోసం విడిగా పంపు పెట్టి, దానితో ఒక తీగను లాగించి, ఇంధన పంపు లివరును కదిలించేవారు. అక్కడ గొట్టం చిరిగినా, తీగ తుప్పు పట్టినా క్రూజ్ పనిచేయదు. మా పికప్పులో అవేవీ లేవు. యాక్సిలరేటరు పెడల్ దగ్గరి సెన్సరు చెప్పినంత ఇంధనాన్ని కంప్యూటరు ఇంజెక్టర్ల ద్వారా వదులుతుంది. క్రూజ్ పెట్టినప్పుడు ఆ నిర్ణయం తానే తీసుకుంటుంది. కాబట్టి అరిగిపోయే యంత్రభాగం కోసం వెతకడం వృథా. కంప్యూటరుకు తప్పుడు కబురు ఎక్కడి నుంచి పోతున్నదని వెతకాలి. అలా కబురు పంపేవి ప్రధానంగా బ్రేకు స్విచ్, క్లచ్ స్విచ్, వేగం చెప్పే సెన్సరు, స్టీరింగ్ మీది మీట. స్పీడోమీటరు ముల్లు ఎన్నడూ వణకలేదు కాబట్టి సెన్సరును నేను పక్కన పెట్టాను.

బ్రేకు స్విచ్‌ను పరీక్షించడానికి అనంతపురం వైపు నుంచి వచ్చిన మరో డ్రైవరు అన్న సాయపడ్డాడు. ఒకే రోజు రెండు బండ్లు హైమాకు పోవలసి వచ్చినప్పుడు, తగినంత దూరంలో వెనుక వస్తూ నా బ్రేకు దీపాలు గమనించమని అడిగాను. దారిలో నాలుగుసార్లు క్రూజ్ ఊడింది. హైమాలో టీ తాగుతుంటే, "ఒక్కసారి కూడా నీ లైట్లు ఎలగలేదు తమ్ముడూ, నేను కండ్లార్పకుండా చూసినా" అన్నాడు. బ్రేకు స్విచ్‌లో దీపాలకు ఒకటి, క్రూజ్‌కు ఒకటి చొప్పున రెండు కాంటాక్టులు ఉంటాయి కాబట్టి ఇది పూర్తి రుజువు కాదు. అయినా పెడల్ కదలికే కారణమైతే రెండూ కలిసి మారాలి. మిగిలింది క్లచ్.

వర్క్‌షాపు ఫోర్‌మన్ మలయాళీ. నోటుపుస్తకం చేతిలో పెట్టగానే ఓపికగా చదివాడు కానీ, క్లచ్ స్విచ్ పాడైతే బండి స్టార్టే కాదు కదా అన్నాడు. ఆ పొరపాటు చాలామంది చేస్తారు. స్టార్టు చేసేటప్పుడు పనిచేసే స్విచ్ పెడల్ అడుగుదాకా తొక్కితే తగిలేది. క్రూజ్‌ను వదిలించే స్విచ్ పెడల్ పైకి వచ్చి ఆగే చోట ఉంటుంది. రెండూ వేరు. కడప షెడ్డులో అబ్బిన ఉర్దూయే ఇక్కడ నాకు హిందీగా ఉపయోగపడుతున్నది. ఆ భాషలోనే అతనికి ఇది వివరించి, స్కానరులో స్విచ్‌ల స్థితి చూపించే పేజీ తెరిచి, క్లచ్ పెడల్‌ను వేలితో కొద్దిగా తట్టి చూడమని బతిమాలాను. తట్టిన ప్రతిసారీ తెర మీద మాట మారి మళ్లీ మొదటికి వచ్చింది. బ్రేకు పెడల్‌ను అంతే మెల్లగా తడితే ఏమీ మారలేదు.

లైటు పట్టుకుని లోపలికి చూస్తే అసలు సంగతి కనిపించింది. పెడల్ కాడకు ఉన్న రంధ్రంలో గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు ఆ బిళ్లే స్విచ్ మొనను లోపలికి నొక్కిపెడుతుంది. ఇక్కడి ఎండలో మూసి ఉంచిన క్యాబిన్ పొయ్యిలా కాగుతుంది కదా, ఆ బిళ్ల పెళుసెక్కి సగం ఊడిపోయింది. మిగిలిన సగం మీద స్విచ్ మొన ఎలాగో నిలుస్తూ, బండి ఎగిరినప్పుడల్లా రంధ్రంలోకి జారుతున్నది. అలా జారగానే క్లచ్ తొక్కారని కంప్యూటరుకు కబురు పోతున్నది. నేల మీది మ్యాటు ఎత్తితే దాని ముక్కలు, పొడి దొరికాయి. నెల రోజులుగా నేను ఆ పొడి మీదే ఎడమ పాదం పెట్టుకుని స్టీరింగ్ చుట్టతీగ గురించి ఆలోచిస్తున్నాను.

కొత్త బిళ్ల ధర రియాల్‌లో చిన్న భాగం. ఫోర్‌మన్ దానిని వేలితో నొక్కి రంధ్రంలో కూర్చోబెట్టాడు. పానా కూడా అవసరం కాలేదు. జాబ్ కార్డులో "డ్రైవరు ఫిర్యాదు" గడిలో నా వాక్యం, "చేసిన పని" గడిలో మెకానిక్ పేరు రాశారు. మరుసటి ప్రయాణంలో ఆదం దాటాక పెట్టిన క్రూజ్‌ను హైమా పెట్రోలు బంకు దగ్గర నేనే వదిలించాను. సలాలా వైపు వానాకాలపు తుంపర పడే నెలల్లో, తడి రోడ్డు మీద మాత్రం నేను దానిని ముట్టుకోను. టైరు జారుతున్నా వేగం నిలబెట్టాలని చూసే యంత్రాన్ని ఆ తడిలో నమ్మలేము.

ఆ రాత్రి క్యాంపు నుంచి కడపకు మా పాత షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి, కొంచెం గొప్పగానే అంతా చెప్పాను. ఆయన మొత్తం విని, "బాగుంది అబ్బీ. బ్రేకు పెడలుకు గూడా అట్లాంటి బిళ్లే ఉంటాది గదా, అది చూసినావా?" అన్నాడు. చూడలేదు. రెండూ ఒకే ఎండలో, ఒకే వయసులో ఉన్నవి. రెండోది రాలితే క్రూజ్ పోవడమే కాదు, బ్రేకు దీపాలు ఆరకుండా వెలుగుతాయి, వెనుక వచ్చేవాడికి నేను ఎప్పుడు ఆగుతున్నానో తెలియదు. పొద్దున్నే ఫోర్‌మన్ దగ్గరికి పోయి లైటు వేయించి చూస్తే, ఆ బిళ్ల అంచు మీద వెంట్రుకంత పగులు కనిపించింది. మా కంపెనీలో అదే రకం పికప్పులు ఇంకా మూడు ఉన్నాయి. మొత్తం మీద ఏడు బిళ్లలు తెప్పించమని రాయించి వచ్చాను.