8 నిమిషాల 14 సెకన్లు: తెల్లవారుజామున లేవడం నాకెలా అలవాటైంది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 2025 ఆగస్టు 1న ఆంధ్రప్రదేశ్ పోలీస్ కానిస్టేబుల్ ఫైనల్ రిజల్ట్స్ వచ్చి, నేను సెలెక్టయిన దగ్గర్నుంచి నా ఫోన్ ఆగడం లేదు. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏ పుస్తకాలు చదివావు?" అని. మీరు చదివేవే నేనూ చదివాను. తేడా పుస్తకాల్లో రాలేదు. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను ఫెయిలైన దగ్గర్నుంచి మొదలుపెడతాను.

2018 నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్, అంటే తొలి రాతపరీక్ష, మొదటిసారే పాసయ్యాను. దాని తర్వాత ఈవెంట్స్, అంటే 1600 మీటర్ల పరుగు, వంద మీటర్లు, లాంగ్ జంప్. అప్పటికి నాకు 20 ఏళ్లు. రోజూ సాయంత్రం ఐదింటికి మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో పరుగెత్తేవాడిని. తాపీ మేస్త్రి దగ్గర టేపు తెచ్చి కొలిస్తే ఒక రౌండ్ 270 మీటర్లు వచ్చింది. ఆరు రౌండ్లు కొడితే 1620. ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేయాల్సిన 1600 మీటర్లని నేను 7:40లో కొట్టేస్తున్నాను. ఇక ఈవెంట్స్ గురించి టెన్షనే లేదనుకున్నాను. పొద్దున మాత్రం ఎనిమిదింటికి తక్కువ లేచేవాడిని కాదు. రాత్రి రెండు దాకా చదువుతున్నాను కదా అని నా ధీమా. నిజం చెప్పాలంటే పదకొండు దాకా చదువు, ఆ తర్వాత ఫోను.

ఈవెంట్స్ ఒంగోలులో. ముందురోజు రాత్రి ఫ్రెండ్ రూములో పడుకునేసరికి ఒంటిగంట అయింది. తెల్లారకముందే గ్రౌండ్ గేటు దగ్గర లైన్లో ఉన్నాం. చలి. కింద కూర్చోబెట్టారు. మా బ్యాచ్‌ని పిలిచేసరికి ఆరున్నర దాటింది. ఆ టైముకి నేను నా జన్మలో ఎప్పుడూ పరుగెత్తలేదు! ఆ మాట అప్పటిదాకా నాకు తట్టనే లేదు. విజిల్ వేయగానే గుంపుతో పాటు పోయాను. ట్రాక్ 400 మీటర్లు, రౌండుకి రెండు నిమిషాలు చాలు, కానీ మొదటి రౌండ్ 1:35లో కొట్టేశాను. రెండో రౌండ్‌లో కాళ్లు బరువెక్కాయి. మూడో రౌండ్‌లో డొక్క పట్టేసింది. నాలుగో రౌండ్ నడిచానో పరుగెత్తానో గుర్తులేదు. 8 నిమిషాల 14 సెకన్లు.

ఇంట్లో జ్వరమని అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. బూట్లు బాగాలేవని, చలి ఎక్కువని, మంచి బ్యాచ్ పడలేదని ఏడాది పాటు అందరికీ చెప్పుకుని తిరిగాను.

మా హైస్కూల్‌లో రిటైరైన పీఈటీ మాస్టారు ఒకాయన మాత్రం నమ్మలేదు. అన్నీ విని, "సాయంత్రం పరుగెత్తే ఒంటిని తీసుకెళ్లి తెల్లారి పరీక్షకి పెట్టావు, అదేం చేస్తుందిరా" అన్నారు. మనిషి ఒంటి వేడి తెల్లవారుజామున బాగా తక్కువగా ఉంటుందట, సాయంత్రానికి పెరుగుతుందట. అందుకే చాలామందికి సాయంత్రం పరుగు తేలిగ్గా వస్తుంది. పొద్దున కండరాలు బిగుసుకుని ఉంటాయి. పరీక్ష ఏ వేళకి పెడతారో ఆ వేళకే ప్రాక్టీసు చెయ్యాలి. ఇంత చిన్న విషయం నాకు 14 సెకన్ల ఖరీదుకి తెలిసింది.

2022 నవంబరులో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ పడింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాసి పాసయ్యాను. ఆ తర్వాత ఈవెంట్స్ దాదాపు రెండేళ్లు ఆగిపోయిన సంగతి మీకు తెలుసు, మీలో చాలామంది నాతో పాటే ఎదురుచూశారు. మొదటి రెండు నెలలు పౌరుషంగా నాలుగింటికి లేచాను. డేట్ వస్తుంది, వస్తుంది అనుకుంటూ అలా అలా మానేశాను. మళ్లీ ఎనిమిది, తొమ్మిది. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తూ కాలం గడిపాను. "ఇంకా ఆ కానిస్టేబులేనా?" అని చుట్టాలు అడిగేవాళ్లు. వేరే ఉద్యోగం చూసుకోవచ్చు కదా అని ఇప్పటికీ కొందరు అంటారు. చూసుకోలేదు. అందులో నా తప్పేమీ లేదనే అనుకుంటున్నాను. ప్రిలిమ్స్ పాసైన 95 వేల మందిలో ఉండి మధ్యలో వదిలేసి పొమ్మంటే ఎవరికి మనసొప్పుతుంది?

2024 సెప్టెంబరులో మళ్లీ మొదలుపెట్టాను. మూడు అలారాలు, మూడున్నరకి. సరిగ్గా ఆరు రోజులు లేచాను. ఏడో రోజు లైబ్రరీలో అర్థమెటిక్ పుస్తకం మీదే నిద్రపోతే పక్కవాడు తట్టి లేపాడు. ఇంటికొచ్చి నా వల్ల కాదని అమ్మతో అన్నాను. మాకు రెండు గేదెలున్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ నాలుగింటికే లేచి పాలు పితికి ఐదున్నరకల్లా కేంద్రంలో పోసి వస్తుంది. తెల్లారగట్ల లేవడం గురించి నేను చూసిన వీడియోలు వందుంటాయి, ఇంట్లో మనిషిని మాత్రం ఒక్కరోజు కూడా అడగలేదు. ఆవిడ గిన్నెలు తోముతూనే, "నువ్వు లేవడం సంగతి చూస్తున్నావు, పడుకోవడం సంగతి ఎవరు చూస్తారు? నేను తొమ్మిదింటికి కళ్లు మూస్తాను కాబట్టి లేస్తున్నాను" అంది.

అదీ మలుపు. మూడున్నర వదిలేశాను, నాలుగున్నర చాలనుకున్నాను. ఎనిమిది నుంచి ఒక్కసారే దూకకుండా మూడు రోజులకోసారి పావుగంట ముందుకి జరిపాను. పడుకునే టైము కూడా అంతే, పావుగంట ముందుకి. మొత్తం ఆరు వారాలు పట్టింది. రాత్రి తిండి ఎనిమిదింటికే. ఫోను అమ్మ మంచం దగ్గర చార్జింగ్‌కి పెట్టేసి, అలారానికి పాత బటన్ల ఫోను వాడాను. అదీ గూట్లో, లేచి నడిస్తే తప్ప అందనంత దూరంలో. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు, అంతకు మించితే ఆ రాత్రి నిద్ర చెడేది. పోగొట్టుకున్నవీ ఉన్నాయి. టీ బంకు దగ్గర రాత్రి కబుర్లు పోయాయి, ఇద్దరు స్నేహితులు దూరమయ్యారు. మొదటి పది రోజులు వీధి కుక్కలు వెంటపడ్డాయి. నా బెస్ట్ టైమింగ్స్ ఆ రోజులవే.

చెల్లెళ్లకి ఒక మాట. మీకు 1600 మీటర్లకి పదిన్నర నిమిషాలు ఇస్తారు కానీ చీకట్లో ఒంటరిగా గ్రౌండ్‌కి వెళ్లమని నేను చెప్పను. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, లేదా వెలుగొచ్చాకే మొదలుపెట్టండి. ఆరింటికి పరుగెత్తినా ఒంటికి అలవాటవుతుంది.

2025 జనవరిలో నా ఈవెంట్స్. అదే ఒంగోలు, అదే చలి. తొమ్మిదిన్నరకే పడుకున్నాను. మొదటి రౌండ్‌లో అందరూ నన్ను దాటిపోతుంటే ఓర్చుకోవడమే ఆ రోజు నేను చేసిన పెద్ద పని. 7:21. వంద మీటర్లు, లాంగ్ జంప్ కూడా అయిపోయాయి.

జూన్ 1న ఫైనల్ రాతపరీక్ష. దానికోసం రోజూ పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా అర్థమెటిక్, రీజనింగ్ మాత్రమే చేశాను. కరెంట్ అఫైర్స్ రాత్రి కూడా చదవొచ్చు, లెక్కలకి తాజా బుర్ర కావాలి. కేవలం రాతపరీక్షలే రాసేవాళ్లు నాలుగింటికే లేవాలని రూలేమీ లేదు, పరీక్ష పదింటికి కదా. అలాగని తొమ్మిదింటికి లేచేవాళ్లు నన్ను చూసి సంబరపడొద్దు. రోజూ ఒకే టైముకి లేవలేనివాడు రేపు డ్యూటీ ఏం చేస్తాడు? అలారం స్నూజ్ నొక్కిన ప్రతిసారీ వాయిదా పడేది నిద్ర కాదు, మీ ఉద్యోగం. కోపం తెచ్చుకోకండి, ఆరేళ్లు నొక్కినవాడిని కాబట్టి చెప్తున్నాను.

రిజల్ట్ వచ్చిన రాత్రి అభినందనల ఫోన్లతో పన్నెండు దాటింది. మర్నాడు అలారం పెట్టలేదు. అయినా నాలుగూ ఇరవైకి మెలకువ వచ్చేసింది. చదవాల్సిందేమీ లేదు. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఇవాళ కూడా ఎందుకురా?" అంది. ఊరికే అన్నాను. "అయితే పాలు నువ్వే పితుకు" అని అటు తిరిగి పడుకుంది. నేను చెంబు తీసుకుని వెళ్తే గేదె నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు.