ఉప్పూ నీళ్ల లెక్క

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ ముదిరి పెద్దపేగు మొత్తం తీసివేయక తప్పని స్థితి వచ్చినప్పుడు, చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి లోపలే తిత్తిలా కుట్టి ఆసనానికి కలిపే శస్త్రచికిత్స ఒకటి ఉందనీ, పొట్ట మీద మలం పట్టే బ్యాగు కొన్నాళ్లకేననీ విని మా ఇంట్లో అందరూ ఊరట చెందారు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన అలన్ పార్క్స్, జాన్ నికల్స్ 1978లో ప్రకటించిన పద్ధతి అది. 1980లో జపాన్ సర్జన్ ఉత్సునోమియా ఆ తిత్తిని జె అక్షరం ఆకారంలో కుట్టే పద్ధతిని చూపారు. జె-పౌచ్ అనే పేరు అక్కడినుంచే వచ్చింది. అది చేయించుకున్నవారిలో ఎక్కువమందికి ఏళ్ల తరబడి బాగానే పనిచేస్తుంది. పనిచేయని కొద్దిమందిలో నేనొకడిని.

పౌచ్ పదే పదే వాచేది. సిప్రోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మందులు వాడినన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెట్టేది. తరువాత ఫిస్టులా, అంటే పేగు నుంచి పక్కకు చిల్లుపడి ఏర్పడే దారి, వచ్చింది. ఆ వెనుకే ఇది చిన్నపేగునూ వదలని క్రోన్స్ వ్యాధి కావచ్చునన్న అనుమానం వచ్చింది. చివరకు పౌచ్‌ను తీసివేసి, ఆసనాన్ని శాశ్వతంగా కుట్టివేసి, చిన్నపేగు కొనను పొట్ట మీదికి తెచ్చారు. బంధువులు దీన్ని ఓటమిగానే లెక్కవేశారు. ఆపరేషన్ విఫలమైన మాట నిజమే కానీ, విజయవాడ నుంచి హైదరాబాద్ వరకు దారిలో ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి తెరిచి ఉంటుందో కంఠస్థం చేసుకుని, రాత్రి నిద్రలో నాలుగైదుసార్లు లేచి పరుగెత్తే బతుకుకూ, బ్యాగు మూడోవంతు నిండినప్పుడు తీరిగ్గా లేచి వెళ్లి ఖాళీ చేసుకునే బతుకుకూ మధ్య ఏది మేలో చెప్పవలసినది రెండూ అనుభవించినవాడే.

పొట్ట మీద కనిపించే ఎర్రని మొనను స్టోమా అంటారు. దాన్ని తాకితే నొప్పి తెలియదు, తుడిచేటప్పుడు కాస్త రక్తం కనిపించడం మామూలే. పూర్వం పేగును చర్మంతో సమంగా కుట్టేవారు. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో ఆహారాన్ని అరిగించే రసాలు ఉంటాయి కనుక అది చుట్టూ ఉన్న చర్మాన్ని పుండు చేసేది. ఇంగ్లండ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ 1952లో పేగు కొనను బయటికి మడిచి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కులా నిలబెట్టే పద్ధతిని వివరించారు. ద్రవం చర్మాన్ని తాకకుండా బ్యాగులోకి పడేది ఆ ముక్కు వల్లనే.

అయితే బ్యాగుకు అలవాటుపడటం కన్నా ఉప్పూ నీళ్ల లెక్కకు అలవాటుపడటమే నాకు కష్టమైంది. నీటినీ, ఉప్పులోని సోడియాన్నీ వెనక్కి పీల్చుకునే పని పెద్దపేగుది. అది లేనప్పుడు రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు పైచిలుకు ద్రవం ఉప్పుతో సహా బయటికి పోతుంది. అది లీటరున్నర దాటితే ప్రమాదం. అప్పుడు దాహం వేస్తోంది కదా అని మంచినీళ్లే తాగుతూ పోతే, ఆ నీరు పేగు గోడలలోని సోడియాన్ని కూడా లాక్కొని బయటికి పోతుంది. తాగేకొద్దీ బ్యాగు నిండుతుంది, నోరు మాత్రం ఎండిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మూత్రం చిక్కబడుతుంది. దీనికి ఉపాయం గ్లూకోజు, ఉప్పు కలిసిన నీరు, ఎందుకంటే చిన్నపేగు గోడ ఆ రెంటినీ జోడుగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళుతుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ తాగించిన ద్రావణంలో ఉన్నదీ ఈ సూత్రమే. సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పేరుతో వాడుకలో ఉన్న మిశ్రమంలో లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా ఉంటాయి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. మే నెల ఎండల్లో బెజవాడలో నేను బయటికి వెళితే చేతిలో ఉండేది ఈ సీసాయే. గొంతు దిగడానికి కాస్త నిమ్మరసం పిండుకుంటాను.

తిండి విషయంలో భయపడినంత నష్టం లేదు. మెత్తటి అన్నం, ఉప్పు వేసిన గంజి, అరటిపండు, సగ్గుబియ్యం ద్రవాన్ని చిక్కబరుస్తాయి. పచ్చికొబ్బరి, మొక్కజొన్న గింజలు, పనసతొనలు, ములక్కాడ పీచు పేగులో అడ్డుపడే అవకాశం ఉంది. ములక్కాడల పులుసులో పులుసు మాత్రం పోసుకుని ముక్కలను పక్కవారి విస్తరికి వదిలేయడం నాకు ఇప్పటికీ మనస్కరించడం లేదు. మాత్రల సంగతి కూడా చూసుకోవాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు ఒక్కొక్కసారి కరగకుండా బ్యాగులోకి వచ్చేస్తాయి కనుక, మందులు రాసే ప్రతి వైద్యుడికీ ముందే చెప్పాలి.

మా పెద్ద మేనత్తకు మాత్రం వేరే సందేహం వచ్చింది. బ్యాగుతో సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చోవచ్చునా అని అడిగింది. "అందరి కడుపులో ఉన్నదే కదండీ వదినగారూ, వీడికి పక్కకు వచ్చింది అంతే" అని మా అమ్మ కొబ్బరికాయ కొడుతూనే జవాబు చెప్పింది. శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు గానీ, ఆ రోజు పీటల మీద కూర్చున్నాను.

ఈ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు ముందురోజే స్టోమా నర్సు చేత గానీ సర్జన్ చేత గానీ పొట్ట మీద చోటు గుర్తు పెట్టించుకోవాలి. పడుకుని ఉన్నప్పుడు చదునుగా కనిపించిన చర్మం కూర్చుంటే మడతపడుతుంది, ఆ మడతలో స్టోమా పడితే బ్యాగు ఎంత ఖరీదైనదైనా నిలబడదు. మీరు కూర్చుని, నిలబడి, వంగి చూపించండి. పంచె ముడి, ప్యాంటు నడుము, చీర కుచ్చిళ్లు ఎక్కడికి వస్తాయో కూడా చూపించి, ఆ చోటును మీ కళ్లతో మీరు సులువుగా చూడగలుగుతున్నారో లేదో సరిచూసుకున్నాకే ఆ గుర్తుకు ఒప్పుకోండి.