మధూకరం ఎత్తిన ఏడాది

ఆ రశీదు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అట్ట మీద మన కళాశాల ముద్ర సగం చెరిగిపోయింది. మొదటి రశీదు 11 రూపాయలకు, 1996 ఆగస్టులో రాసింది. పేరు అన్నచోట 'పూల అవ్వ' అని ఉంటుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర బుట్ట పెట్టుకొని మల్లెలు, కనకాంబరాలు అమ్మేది ఆవిడ. ఆవిడ మనుమడు అప్పుడు మన కళాశాలలో మొదటి సంవత్సరం చదివేవాడు. "వీణ కొంటారటగా తల్లీ, మావాడు చెప్పాడు" అని కొంగుముడి విప్పి నాణేలు లెక్కపెట్టి నా చేతిలో పోసింది. రశీదు ఇస్తే తీసుకోలేదు, తనకు చదువు రాదు కాబట్టి నన్నే దాచమంది. అందుకే అసలు, నకలు రెండూ ఆ పుస్తకంలోనే ఉండిపోయాయి.

అది నా డిగ్రీ చివరి సంవత్సరం. మన సంగీత బృందంలో ఏడుగురం ఉండేవాళ్లం. ఉన్న సామగ్రి ఒక హార్మోనియం, మూతలు బిగువు తప్పిన ఒక మృదంగం, తెలుగు మాస్టారు ఇంటి నుంచి తెచ్చే తంబురా. నేను మా అత్తయ్య వీణ మీద అయిదేళ్లు నేర్చుకున్నాను. మామయ్యకు బదిలీ కావడంతో ఆ వీణ వాళ్లతో విశాఖపట్నం వెళ్లిపోయింది. నెలల తరబడి నేను బల్ల అంచు మీద వేళ్లు కదుపుతూ నేర్చుకున్న వర్ణాలు, అంటే కీర్తనలకు ముందు నేర్పే సాధన రచనలు, మననం చేసుకునేదాన్ని. అది చూసి మాస్టారు ఒకరోజు, బృందానికి సొంత వీణ ఉండాలని అన్నారు.

ఆ జులైలో పూర్వ విద్యార్థుల సంఘం సమావేశంలో విషయం కదిలింది. వ్యాపారంలో బాగా స్థిరపడిన ఒక పూర్వ విద్యార్థి లేచి, మొత్తం ఖర్చు తానే భరిస్తానన్నారు. గది గుమ్మం మీద తమ తండ్రిగారి పేరుతో ఇత్తడి ఫలకం పెట్టిస్తే చాలన్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మాస్టారు మాత్రం కొట్టలేదు. ఆయన ఆ రోజు చెప్పిన మాటలు నాకు తెలిసినంతలో ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే ఆ ఏడాది మేం చేసినదంతా వాటి నుంచే వచ్చింది.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు కుర్రతనంలో చేతి ఉంగరం అమ్ముకొని, కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరికి సంగీతం కోసం వచ్చారు. 1919లో మహారాజు స్థాపించిన సంగీత కళాశాల ఇక్కడ ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఘంటసాలకు గురువు. పాఠం దొరికింది కానీ పూట గడిచే దారి లేదు. భుజాన జోలె వేసుకొని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తి చదువుకున్నారు. తేనెటీగ ఒక్క పువ్వునే పిండదు, పువ్వు పువ్వునా కాస్త కాస్త తీసుకుంటుంది, అందుకే ఆ భిక్షకు ఆ పేరు. "ఈ ఊళ్లో ఆయనకు ముద్ద పెట్టిన ఇళ్లు ఎన్నో మనకు తెలియదు. ఆ ఇళ్లన్నిటికీ ఆయన పాటలో భాగం ఉంది. మన వీణకూ అలాగే అడుగుదాం" అన్నారు మాస్టారు.

ఫలకం అడిగిన పెద్దమనిషి చిన్నబుచ్చుకుంటారని అందరం భయపడ్డాం. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నా వంతు ఎంత మాస్టారూ?" అని అడిగారు. నూటపదహార్లు, అందరితో సమానంగా అని తేల్చారు. అంతకు మించి ఎవరైనా ఇస్తే కాదనకూడదు, అంతకు తక్కువ ఇస్తే ఆ తక్కువను పైకి చెప్పకూడదు. ఆ రెండో నియమం సంఘంలో ఇప్పటికీ నడుస్తోందని విన్నప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

డబ్బు అడిగేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకూడదన్నది మా బృందం పెట్టుకున్న నియమం. పూర్వ విద్యార్థి ఎవరింటి అరుగు మీదనైనా, మేడ మీదనైనా, గంటన్నర పాడి, ఆ తరువాతే రశీదు పుస్తకం తీయాలి. విజయనగరంలోనే అలా అయిదారు చోట్ల పాడాం. ఒక ఇంట్లో విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒకరు ఉండేవారు. చిన్నతనంలో ద్వారం వేంకటస్వామినాయుడు గారి వయొలిన్ కచేరీ విన్నవారు. మేం మోహన రాగ వర్ణం పాడుతుండగా ఆయన కళ్లు మూసుకొని కుడిచేత్తో కమాను లాగుతున్నట్టు గాలిలో కదిపారు. పాట అయ్యాక ఏమీ అనలేదు. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో పాడేటప్పుడు, మేం తొందరపడ్డామని మరునాడు మనుమరాలి చేత చీటీ రాయించి పంపారు, చీటీతో పాటు నూటపదహార్లు. నిజంగానే తొందరపడ్డాం.

మా మృదంగం మిత్రుడిది గజపతినగరం దగ్గర పల్లె. వాళ్ల నాన్నగారు తప్పెటగుళ్ల జానపద కళాకారుడని మూడేళ్లు మాకు చెప్పలేదు. సంగీత బృందంలో ఆ మాట ఎలా తీసుకుంటారో అని సంకోచించాడట. తెలిసిన వెంటనే మేమే వెళ్లి ఆయన్ను పిలిచాం. కార్తీకంలో బొబ్బిలిలో పాడినప్పుడు ఆయన దళంతో వచ్చారు. గుండెల మీద రేకు గుళ్లు కట్టుకొని, కాళ్లకు గజ్జెలతో, రెండు చేతులా గుండె మీదే వాయిస్తూ వలయంగా తిరుగుతూ పాడారు. వాయిద్యం మనిషి నుంచి వేరుగా కనబడని కళ అది. వీణ కోసం చేసే కచేరీలో తప్పెటగుళ్లు ఎందుకని సంఘంలో ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆ మాట తప్పని నేను అప్పుడు గట్టిగా అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను. ఆ సాయంత్రం వసూలైనంత మరే ఊళ్లోనూ కాలేదు. అంతకంటే పెద్ద సంగతి, మా మిత్రుడు అందరి ముందూ వెళ్లి వాళ్ల నాన్నగారి గజ్జెలు విప్పడం.

శ్రీకాకుళంలో నాగావళి వైపు ఒక పూర్వ విద్యార్థి ఇంటి మేడ మీద పాడాం. రెండో కీర్తన మధ్యలో కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది. ఎవరో లాంతరు తెచ్చి మధ్యలో పెట్టారు. తంబురా శ్రుతి అంతవరకు మైకులో నలిగిపోయి ఉండిందని అప్పుడే తెలిసింది. నలభై మంది దాకా మరింత దగ్గరగా జరిగి కూర్చున్నారు. మేం ఏడుగురం గొంతు తగ్గించి పాడాం. కరెంటు వచ్చాక కూడా మైకు వద్దన్నారు. ఆ తరువాత ఎక్కడా మేం మైకు అద్దెకు తీసుకోలేదు.

ఫిబ్రవరి చివర మాస్టారూ, నేనూ, మిత్రుడూ పాసింజరు రైలెక్కి బొబ్బిలి వెళ్లాం. అక్కడి గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నాయి. మా వీణ పనస చెక్కతో అప్పటికే తయారై ఉంది. నాదం పలికే గుండ్రని కుండ, తీగలు సాగే పొడవాటి దండి, చివర సింహం లాంటి యాళి ముఖం, అన్నీ ఒకే దుంగలో మలిచిన ఏకాండి. మిగిలింది మేళం కట్టడం, అంటే స్వరాలకు సరిపోయేలా మెట్లు అమర్చడం. ఆ రెండు రోజులూ నేను ఆ పెద్దాయన ఎదురుగానే కూర్చున్నాను.

నల్లపొడి కలిపిన మైనాన్ని సెగ చూపి మెత్తబరిచి, దండి మీద రెండు పక్కలా గట్లలా పోశారు. వాటి మీద 24 ఇత్తడి మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున. వాయించే మొదటి తీగ సారణిని మీటి, మెట్టు మీద వేలు నొక్కి, చెవి దగ్గరికి తెచ్చి వింటారు. స్వరం వెంట్రుకవాసి ఎక్కువగా పలికితే కాల్చిన ఇనుప కడ్డీ మెట్టు కింద ఆనించి, మైనం కరిగిన ఆ క్షణంలో బొటనవేలితో జరుపుతారు. మళ్లీ మీటుతారు. నా చెవికి సరిపోయిందనిపించిన మెట్టును ఆయన ఆరుసార్లు మార్చారు. "మైనం వేడి మీద ఉన్నప్పుడు అది చెప్పేది నమ్మకూడదు తల్లీ, చల్లారాక వినాలి" అన్నారు. రాత్రంతా వదిలేసి మరునాడు పొద్దున్న మొదటి మెట్టు నుంచీ మళ్లీ చూశారు. ఏడు మెట్లు కదిపారు. చివరకు వీణ నా ఒడిలో పెట్టి మాయామాళవగౌళ రాగం ఆరోహణ వాయించమన్నారు. బల్ల అంచుకు అలవాటుపడిన నా వేళ్లు తీగ బిగువుకు మొదట నొచ్చుకున్నాయి. మూడోసారికి పై షడ్జమం కుండలోంచి నాలోకి పలికింది. ఏడ్చేశాను. ఆయన తల తిప్పుకొని పొయ్యిలో బొగ్గులు ఎగదోసుకున్నారు.

తిరుగు రైల్లో కిటికీ ఎండ తగలకుండా మిత్రుడి దుప్పటి వీణ మీద కప్పి, దారి పొడుగునా ముగ్గురం వంతులవారీగా ఒడిలో పెట్టుకున్నాం. ఎండకు మైనం మెత్తబడితే మెట్లు జరిగిపోతాయని పెద్దాయన పదేపదే హెచ్చరించారు.

మొత్తం 212 రశీదులు. వీణకూ, మృదంగం మూతలకూ, దారి ఖర్చులకూ పోగా మిగిలిన 340 రూపాయలు తీగల కోసం దాచాం. మార్చిలో వార్షికోత్సవానికి ముందు వీణను సంగీతం గదిలోకి తెచ్చారు. మాస్టారు దాన్ని మోయమని ఫలకం అడిగిన ఆ పెద్దమనిషికి ఇచ్చారు. ఆయన చెప్పులు విడిచి లోపలికి నడిచారు. గుమ్మం మీద ఏ ఫలకమూ లేదు. వీణను బీరువాలో పెట్టి తాళం వేయకూడదని, నేర్చుకుంటానన్న ఎవరికైనా ఇవ్వాలని మాస్టారు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి అందరిచేతా సంతకం చేయించారు.

కిందటి డిసెంబరులో సమావేశానికి వచ్చినప్పుడు ఆ గదికి వెళ్లాను. చీపురుపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి సాధన చేస్తోంది. ఆ అమ్మాయి ఎడమచేతి వేళ్ల మీద తీగ గాట్లు లోతుగా ఉన్నాయి. ఈ మధ్యలో రెండుసార్లు మేళం మార్చారట. ఇప్పుడు రెండు మెట్లు కుంగాయి, మళ్లీ గొల్లపల్లి పంపాలి. సంఘం ఈ ఏడాది ఆ పని పెట్టుకుంది.

రశీదు పుస్తకంలో ఇంకా ఖాళీ కాగితాలున్నాయి. సమావేశంలోనే 213వ రశీదు రాశాను. డబ్బు ఇచ్చింది పూల అవ్వ మనుమడు, ఇప్పుడు రాజాంలో ఉపాధ్యాయుడు. పుస్తకం తిరగేసి మొదటి రశీదు చూపించాను. చాలాసేపు చూశాడు. తన రశీదులో పేరు అన్నచోట నానమ్మ పేరే రాయమన్నాడు. ఆవిడ పేరు నాకు తెలిసింది అప్పుడే.